మండువా ఇంటి డ్రాయింగులు: బల్లపరుపు గీతలో ఏ కొలత నిజం?

కాలవగట్టు (రాజోలు)

అందరికీ నమస్కారమండి. కోనసీమ పాత మండువా లోగిళ్లకు కొలతలు తీసి ప్లాన్లు గీసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా. ఒక్క ఇంటిని ఉదాహరణగా పెట్టుకుని, కాగితం మీద ఏ గీతను స్కేలు పెట్టి కొలవచ్చో, ఏది కొలవకూడదో వివరంగా మాట్లాడుకుందాం.

లెక్క తేలిగ్గా ఉండడానికి చతురస్రం ఇల్లు తీసుకుంటున్నాను. చూరు నుంచి చూరుకు 15 మీ. × 15 మీ. మధ్యలో ఆకాశానికి తెరిచిన మండువా 3 మీ. × 3 మీ. చుట్టూ నాలుగు వసారాల మీద బంగళా పెంకు, వాలు అంతటా 30 డిగ్రీలు. బయటి చూరు నుంచి నడికొప్పుకు (రెండు వాలులు పైన కలిసే అంచు) అడ్డంగా 3 మీ., నడికొప్పు నుంచి మండువా చూరుకు మళ్లీ 3 మీ. అంటే నడికొప్పు 9 మీ. × 9 మీ. చట్రంలా తిరుగుతుంది. నడికొప్పు ఎత్తు చూరు మీద 1.732 మీ.

మొదటి చిక్కు మూల వాసంతోనే, అంటే చూరు మూల నుంచి నడికొప్పు మూలకు ఏటవాలుగా ఎక్కే వాసంతో. ప్లానులో (పైనుంచి చూసిన బొమ్మ) కొలిస్తే 4.24 మీ., ఎలివేషన్‌లో (ముందు నుంచి తిన్నగా చూసిన బొమ్మ) కొలిస్తే 3.46 మీ. వడ్రంగికి ఇచ్చే కాగితం మీద ఏది రాయాలి, ఎందుకు?

---

మూలమట్టం (అంబాజీపేట)

రెండూ రాయకూడదండి. అసలు పొడవు 4.583 మీ.

సూత్రం ఒక్కటే. కాగితం ఏ తలానికి ప్రతినిధో, ఆ తలానికి సమాంతరంగా ఉన్న గీతే నిజం పొడవులో కనిపిస్తుంది. ప్లాను నేలకు సమాంతరం. మూల వాసం పైకి లేస్తోంది కాబట్టి ప్లాను దాని ఎత్తును మింగేసింది. ఎలివేషన్ ముందు గోడకు సమాంతరం. మూల వాసం వెనక్కి కూడా పోతోంది కాబట్టి ఆ వెనక్కి పోయిన 3 మీటర్లను ఎలివేషన్ మింగేసింది. ఏ చూపులోనూ నిజం పొడవు లేని గీత ఇది.

ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. ఎలివేషన్‌లో మూల వాసానికి వచ్చిన 3.464 మీ. సరిగ్గా మామూలు వాసం అసలు పొడవు. అందుకే సంఖ్య చూసి ఎవరికీ అనుమానం రాదు. మూల వాసాలు కూడా అదే పొడవుకు కోస్తే ఒక్కోటీ 1.12 మీ. పొట్టి.

గీసి తేల్చుకునే పద్ధతి:

ప్లానులో మూల వాసం గీత గీయండి, 4.243 మీ. నడికొప్పు వైపు కొన దగ్గర ఆ గీతకే లంబంగా 1.732 మీ. నిలపండి. దాని కొసను చూరు మూలకు కలపండి. వచ్చిన కర్ణమే అసలు పొడవు, 4.583 మీ. చూరు దగ్గర ఆ త్రిభుజం కోణం మూల వాసం వాలు, 22.2 డిగ్రీలు. చాలామంది దాన్ని కూడా 30 అనుకుని కొన కోస్తారు, నడికొప్పు దగ్గర నోరు తెరుచుకుంటుంది. కాగితం మీద 1:10 కన్నా చిన్న స్కేలు వద్దు. వీలుంటే ఇంటి గచ్చు మీదే సుద్ద దారం కొట్టి పూర్తి సైజులో గీస్తే వడ్రంగికి ఏ లెక్కా అక్కర్లేదు.

సమాన వాలు, చదరపు మూల ఉన్నప్పుడు అడ్డపు కొలత 1 మీటరుకు:

20 డిగ్రీలు: మామూలు వాసం 1.064, మూల వాసం 1.460
25 డిగ్రీలు: 1.103, 1.489
30 డిగ్రీలు: 1.155, 1.528
35 డిగ్రీలు: 1.221, 1.578

చూరు 600 మి.మీ. బయటికి పెంచితే మూల వాసం 600 పెరగదు, 917 మి.మీ. పెరుగుతుంది. కర్ర కొనేటప్పుడు ఇది మరవకండి.

---

గోదారిస్కేలు (రాజమండ్రి)

మూలమట్టం గారు పొడవు తేల్చారు, నేను కోణం చెబుతాను. నడికొప్పు దగ్గర రెండు వాలులు 120 డిగ్రీల్లో కలుస్తాయి, సెక్షన్‌లో (ఇంటిని నిలువుగా కోసి చూపే బొమ్మ) అది నిజంగానే కనిపిస్తుంది. మూల మీద కలిసే కోణం 138.6 డిగ్రీలు. అది ప్లానులోనూ ఉండదు, ఏ ఎలివేషన్‌లోనూ ఉండదు. మూల వాసానికి సరిగ్గా లంబంగా కోసిన సహాయక చిత్రం గీస్తేనే వస్తుంది. వాసం పై అంచును రెండు వైపులా 20.7 డిగ్రీల చొప్పున చెక్కాలి. నడికొప్పుకు వాడే పెంకునే మూలలకూ వాడతారు కాబట్టి అక్కడ పెంకు అంచులు ఆనినా నడిమిన కింద సందు మిగులుతుంది. సున్నం పూడిక ఎక్కువ పడేదీ, మొదట పగిలేదీ అక్కడే.

పెంకు లెక్క సంగతి. ప్లాను వైశాల్యం 225 నుంచి మండువా 9 తీసేస్తే 216 చ.మీ. వాలు అంతటా ఒకటే అయినప్పుడు మూలలెన్ని ఉన్నా, లోయలెన్ని (రెండు వాలులు కింద కలిసే మడతలు) ఉన్నా, మొత్తాన్ని ఒక్కసారి కాస్ 30తో భాగిస్తే చాలు: 249.4 చ.మీ. ముక్కలు ముక్కలుగా త్రిభుజాలు కొలవనక్కర్లేదు. ప్లాను చూసి 216కే పెంకు తెప్పిస్తే 33 చ.మీ. తక్కువ పడుతుంది. మూలల దగ్గర కోతలో పోయేది దీనికి అదనం.

వాననీటి లెక్క మాత్రం తిరగబడుతుంది. వాన నిలువుగా పడుతుంది కాబట్టి ప్లాను వైశాల్యమే సరైనది. మండువాలోకి వాలేది నడికొప్పు చట్రం లోపలంతా, 9 × 9 = 81 చ.మీ. 50 మి.మీ. వాన పడితే 4,050 లీటర్లు ఆ చిన్న గుంటలోంచి తూము దాటాలి. ఇక్కడ కాస్ 30తో భాగించి ఎక్కువ చూపినవాడు కూడా తప్పే చేసినట్టు. ఒకే కప్పుకు పెంకులవాడికి ఒక వైశాల్యం, తూము వేసేవాడికి ఇంకొకటి.

---

కాలవగట్టు (రాజోలు)

బాగా చెప్పారండి. ప్లాను గురించి ఇంకొకటి కలుపుతాను. ఈ ఇంటి ప్లానులో చూరు మూల నుంచి మండువా మూల దాకా ఒకే సరళరేఖ కనిపిస్తుంది, 8.49 మీ. అందులో సగం మూల వాసం, నీళ్లు రెండు వైపులకు విడిపోయే చోటు. మిగతా సగం లోయ, నీళ్లన్నీ చేరే చోటు. గీతలో ఏ తేడా ఉండదు. వాలు బాణాలు, నడికొప్పు దగ్గర +1.732, చూరుల దగ్గర 0.000 రాయకపోతే ఆ ప్లాను పైకప్పు గురించి ఏమీ చెప్పనట్టే.

ఎలివేషన్ సంగతి ఎవరైనా అందుకోండి. ముందు నుంచి చూస్తే మండువా ఉన్నట్టే తెలియదు, పెంకు గీతలు ఎలా వేసినా పలచగా అంటించినట్టు ఉంటాయి.

---

నీలిప్రింటు (కాకినాడ)

అలా అంటించినట్టు ఉండడానికి సగం కారణం తప్పు హ్యాచింగేనండి, అంటే పెంకు వరుసలు చూపడానికి నింపే గీతలు. పెంకు వరుసల మధ్య దూరం వాలు వెంట 320 మి.మీ. అనుకోండి. 30 డిగ్రీల కప్పు ముందు ఎలివేషన్‌లో అది సైన్ 30తో తగ్గి 160 అవుతుంది. ప్లానులో కాస్ 30తో తగ్గి 277 అవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో రెడీగా ఉన్న పెంకు హ్యాచ్‌ను 320కే వదిలేస్తే, వరుసలు సగమే పడి కప్పు నిటారుగా నిలబెట్టిన పలకలా కనిపిస్తుంది. అడ్డంగా పెంకు వెడల్పు మాత్రం మారదు, అది తలానికి సమాంతరం.

గుండ్రటి స్తంభాలదీ అదే కథ. 200 మి.మీ. వ్యాసం స్తంభానికి 24 గాడులు ఉంటే, ఎలివేషన్‌లో నడిమి గీత నుంచి దూరాలు 25.9, 50, 70.7, 86.6, 96.6, 100. అంచుకు పోయేకొద్దీ గీతలు దగ్గర పడతాయి. సమాన దూరంలో గీసేస్తే అది స్తంభం కాదు, గీతలు కొట్టిన బద్ద. ప్లానులో వృత్తాన్ని 15 డిగ్రీల చొప్పున విభజించి ఎలివేషన్‌లోకి గీతలు లాక్కోవడం రెండు నిమిషాల పని, దయచేసి మానకండి.

గీత మందం: కోతపడిన గోడ 0.5 లేదా 0.7, ఆకారం చివరి అంచు 0.35, మామూలు అంచులు 0.25, పెంకు, గాడి, చెక్క నార గీతలు 0.13 లేదా 0.18. ఒకే తలంలో ఉన్న రెండు ఉపరితలాల మధ్య గీత సన్నం. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి ఉంటే, ముందున్నదాని అంచు మందం. అరుగు మీది స్తంభాలు గోడ కన్నా 1.5 మీ. ముందున్నాయని చెప్పడానికి ఎలివేషన్‌లో ఉన్న మొదటి సాధనం ఇదే.

రెండోది నీడ. సంప్రదాయ వెలుతురు ఎడమ పైనుంచి, ఘనం కర్ణం వెంట వస్తుందనుకుంటాం. ప్లానులోనూ ఎలివేషన్‌లోనూ 45 డిగ్రీలుగా కనిపిస్తుంది. దీని లాభం లోతును స్కేలు పెట్టి చదవగలగడం: చూరు 750 మి.మీ. ముందుకుంటే నీడ సరిగ్గా 750 కిందికి పడుతుంది. స్తంభానికి వెనక గోడ 1.5 మీ. లోపలుంటే నీడ 1.5 మీ. కుడికి జరుగుతుంది. ఎలివేషన్ పారేసిన మూడో కొలత నీడ రూపంలో కాగితం మీదికి తిరిగి వస్తుంది.

---

లంకనేల (ముమ్మిడివరం)

నీలిప్రింటు గారూ, ఆ నీడతో నాకు పేచీ ఉందండి. ఇంటివాళ్లు దాన్ని చూసి ఎండ అంతే పడుతుందనుకుంటారు. మనం దాదాపు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం. దక్షిణపు గోడ మీద 750 చూరు మిట్టమధ్యాహ్నం వేసే నీడ డిసెంబరు 21 ప్రాంతంలో సుమారు 895 మి.మీ. మార్చి, సెప్టెంబరు విషువత్తులకు 2.5 మీ., అంటే గోడ మొత్తం నీడలోనే. జూన్ 21కి సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, దక్షిణపు గోడకు మిట్టమధ్యాహ్నం ఎండే లేదు. ఇక 45 డిగ్రీల నీడ ఉత్తరపు ఎలివేషన్ మీద కూడా వేస్తుంటే అది ఏ ఊరి ఎండ?

---

నీలిప్రింటు (కాకినాడ)

లెక్క మీరు చెప్పిందే. అయినా నేను ఆ నీడను వదలను. అది ఎండ చిత్రం కాదు, లోతు కొలబద్ద. నాలుగు ఎలివేషన్లకూ ఒకే దిక్కు నుంచి పడితేనే ఒకదానితో ఒకటి పోల్చి చదవగలం. మీ అభ్యంతరానికి మందు, షీటు మీద ‘నీడ 45 డిగ్రీలు, లోతు చూపడానికి మాత్రమే’ అని రాయడం. అసలు ఎండ అధ్యయనం వేరే షీటు, తేదీ, గంట, దిక్కు రాసి. రెండూ ఒకే షీటులో కలపకూడదు.

---

లంకనేల (ముమ్మిడివరం)

ఆ వాక్యం రాస్తే నాకు అభ్యంతరం లేదండి. రాయరు, అదే బాధ.

---

ఐసోకోణం (భీమవరం)

మండువాను ఒకే బొమ్మలో చూపాలంటే అందరూ ముందు ఐసోమెట్రిక్ (మూల వైపు నుంచి చూసి, మూడు అక్షాలకూ ఒకే స్కేలు వేసే సమాంతర బొమ్మ) వైపే పోతారు. ఈ ఇంటికి అది పనికిరాదు. ఎందుకో చూడండి.

ఐసోమెట్రిక్‌లో ప్లానులోని 45 డిగ్రీల గీతలు, మన వైపు వచ్చేవి, కాగితం మీద నిలువుగా పడతాయి. మూల వాసాలు 45 డిగ్రీలే. కాబట్టి దగ్గరి గోడ మూల, దాని మీది మూల వాసం, దాని వెనక లోయ, మూడూ ఒకే నిలువు గీత మీద పేరుకుంటాయి. కప్పు వాలిందో, గోడే పైకి లేచిందో కంటికి తెలియదు. పక్క మూలల వాసాలు నడికొప్పు వైపు దాదాపు అడ్డంగా పడుకుంటాయి. పైగా మన వైపు వసారా లోవాలు అసలు వైశాల్యంలో ఐదో వంతుకు సన్నబడిపోతుంది. అదే వసారా బయటి వాలు దాదాపు ఐదింట నాలుగు వంతులు కనిపిస్తుంది. మండువా ఇల్లంటే ఆ లోవాలే కదండీ ప్రాణం.

ప్లానునే తిప్పి నిలువు గీతలు పైకి లేపే పద్ధతికి, ప్లాను అంచులు అడ్డగీతకు 45/45 డిగ్రీల్లో పడేలా తిప్పినా ఇదే గతి, మూల వాసం మళ్లీ నిలువే. 30/60 తిప్పండి. అప్పుడు మూల వాసం ప్లాను గీత నిలువుకు 15 డిగ్రీలు పక్కకు వాలి గోడ మూల నుంచి విడిపోతుంది. ప్లానులో కోణాలు, పొడవులు, వృత్తాలు అన్నీ చెక్కుచెదరవు, మండువా చతురస్రం చతురస్రంగానే ఉంటుంది. ఎత్తులు పూర్తిగా వేస్తే ఇల్లు పొడుగ్గా కనిపిస్తుంది, అందుకని ముప్పాతికకు తగ్గిస్తారు.

ఇక్కడ ఒక మెలిక. 60 డిగ్రీల గీత వెంట ఉన్న దగ్గరి వసారా లోవాలు పైకి పోయే మేర 3 మీ.లో సగం, 1.5 మీ. దాంట్లోంచి కప్పు దిగే ఎత్తు 1.732 × 0.75 = 1.3 తీసేస్తే 0.2 మీ. మిగిలింది. 1:100 స్కేలులో 2 మి.మీ. ఎత్తు పూర్తిగా వేస్తే అసలు దాక్కుంటుంది. ఎత్తులు సగానికి తగ్గిస్తే 0.63 మీ. వస్తుంది, అంటే 6 మి.మీ., చదవడానికి చాలు. లేదా కప్పును మొత్తంగా పైకి ఎత్తి, నాలుగు మూలల నుంచి చుక్కల గీతలు దించి, కింద గోడలు 1.2 మీ. ఎత్తున కోసి చూపండి. నా ఓటు దీనికే. గదులూ కనిపిస్తాయి, కప్పూ కనిపిస్తుంది.

కప్పు అడుగు భాగం, దూలాల చెక్కడం ముఖ్యమైతే కింది నుంచి పైకి చూసే రకం ఉంది. ఫ్రెంచి ఇంజనీరు ఓగస్త్ షువాజీ 1899లో అచ్చయిన వాస్తు చరిత్రలో కట్టడాలను అలా గీశాడు: ప్లాను, లోపలి ఎత్తు, పైకప్పు లోతట్టు మూడూ ఒకే కొలిచే బొమ్మలో.

---

ఆరోగీత (నరసాపురం)

ఐసోకోణం గారూ, స్కేలు సంగతి కూడా తేల్చేయండి. ఐసోమెట్రిక్ మీద 1:50 అని రాసి ఉంటే ఏది నమ్మాలి?

---

ఐసోకోణం (భీమవరం)

రెండు రకాలున్నాయండి. నిజమైన ఐసోమెట్రిక్ ప్రొజెక్షన్‌లో మూడు అక్షాలూ 0.816 వంతుకు తగ్గుతాయి. 4 మీ. గది 1:50లో 80 మి.మీ. ఉండాల్సింది 65.3 వస్తుంది. చేత్తో గీసే ఐసోమెట్రిక్ డ్రాయింగులో తగ్గించకుండా 80 వేస్తాం. బొమ్మ 1.22 రెట్లు పెద్దదిగా ఉంటుంది గానీ అక్షాల వెంట స్కేలు సరిగ్గా పనిచేస్తుంది. 1822లో కేంబ్రిడ్జిలో విలియం ఫారిష్ యంత్రాల కోసం ఈ పద్ధతిని వివరించినప్పటి నుంచీ దాని ఆకర్షణ ఆ సౌకర్యమే.

ఆటోక్యాడ్‌లో ఈ రెండూ ఉన్నాయి, గందరగోళం అక్కడే. ఐసోడ్రాఫ్ట్ పెట్టి, ఎఫ్5తో తలాలు మార్చుకుంటూ గీస్తే 80. త్రీడీ మోడల్ కట్టి ఆగ్నేయ ఐసోమెట్రిక్ చూపుకు తిప్పి 1:50లో ప్రింటు తీస్తే 65.3. ఏది వాడినా షీటు మీద ‘అక్షాల వెంట మాత్రమే 1:50’ అనో, ‘స్కేలుకు కాదు’ అనో రాయాలి. వాలు మీద, మూలల మీద, కర్ణాల మీద స్కేలు పెట్టడం రెండింట్లోనూ తప్పే.

---

గడపరంగు (పాలకొల్లు)

ఇంతమంది సమాంతర గీతల పక్షాన ఉన్నారు కాబట్టి పర్‌స్పెక్టివ్ (దూరం పోయేకొద్దీ చిన్నవయ్యేలా గీసే బొమ్మ) పక్షాన ఒక మాట. ఇంటి యజమానురాలికి 30/60 బొమ్మ చూపితే ఇల్లు జారిపోతున్నట్టు ఉందంటారు. కంటికి అలవాటైన చూపు వేరు.

మధ్యేమార్గం సెక్షన్ పర్‌స్పెక్టివ్. మండువా నడుమ నుంచి ఇంటిని కోయండి. కోతపడిన గోడలు, వాసాలు, అరుగు అన్నీ కాగితం తలంలోనే ఉంటాయి కాబట్టి 1:50 నిజం స్కేలులో నిలుస్తాయి. వాసం 3.464 అక్కడే కొలుచుకోవచ్చు. కోత వెనక ఉన్నది మాత్రం ఒకే బిందువు వైపు తగ్గుతూ పోతుంది. కంటి ఎత్తు మండువా గచ్చు మీద 1.5 మీ. పెట్టండి. కన్ను కోతకు ఎంత దూరంలో ఉండాలన్నది ముఖ్యం: ఇల్లు 15 మీ. వెడల్పు కాబట్టి 60 డిగ్రీల చూపులో పట్టాలంటే కనీసం 13 మీ. దూరం. 6 మీటర్లకే నిలబెడితే అంచుల్లో ఉన్న గుండ్రటి స్తంభాలు పక్కకు సాగి అండాకారం అవుతాయి. దూరం మరీ పెంచి 60 మీ. చేస్తే వెనక గోడ ముందుకొచ్చేసి లోతు పోతుంది.

---

ఐసోకోణం (భీమవరం)

దీనికి ఒప్పుకుంటానండి. కోత గీతను 0.7 మందం చేసి, వెనకదంతా 0.18లో పెడితే ఎక్కడ కొలవచ్చో, ఎక్కడ చూడాలో వేరే చెప్పనక్కర్లేదు.

---

ఫోటోతలం (మండపేట)

ముఖద్వారం ఎలివేషన్‌ను ఫోటో సరిచేసి దాని మీద గీసేవాళ్లకు హెచ్చరిక. సాఫ్ట్‌వేర్‌లో నాలుగు బిందువులిచ్చి సరిచేస్తే నిజమయ్యేది ఒక్క తలమే. కెమెరా గోడకు 10 మీ. దూరంలో ఉండి, అరుగు స్తంభాలు గోడకు 1.5 మీ. ముందుంటే, గోడ స్కేలులో స్తంభాలు 10 ÷ 8.5, అంటే 1.18 రెట్లు పెద్దవిగా వస్తాయి. 2.4 మీ. స్తంభం 2.82 అవుతుంది. పైగా కెమెరా నడిమధ్య నుంచి దూరంగా ఉన్న స్తంభాలు బయటికి జరిగి, వాటి వెనక కిటికీ స్థానం తప్పు చదువుతాం.

30 మీ. వెనక్కి వెళ్లి తీస్తే తేడా 1.05 రెట్లకు తగ్గుతుంది. ఫోన్‌లో జూమ్ లెన్సు మార్చినంత మాత్రాన తగ్గదు, దూరమే లెక్క. కొబ్బరి చెట్లో, కాలవో అడ్డొచ్చి వెనక్కి వెళ్లలేని చోట గోడ తలానికి ఒకసారి, స్తంభాల తలానికి ఒకసారి విడివిడిగా నాలుగేసి బిందువులు టేపుతో కొలిచి సరిచేసి, రెండు పొరలుగా పెట్టుకోండి. చూరు అంచు మూడో తలం, దాన్ని ఫోటో మీద నమ్మకండి. నేరుగా కొలవండి.

---

జెడ్‌సున్నా (అమలాపురం)

క్యాడ్‌లో బల్లపరుపుగా కనిపించేది బల్లపరుపు కాకపోవడం ఇంకో జబ్బు. టోటల్ స్టేషన్ (కోణం, దూరం కలిపి కొలిచే పరికరం) సర్వే బిందువులు తమ లెవెల్స్‌తో (ఎత్తులతో) సహా వస్తాయి. వాటికి స్నాప్ చేసి (కర్సరును ఆ బిందువుకే అతికించి) గీసిన స్థలం హద్దు ఒక కొన 1.8 మీ. ఎత్తులో, ఇంకో కొన 2.6 మీ. ఎత్తులో ఉంటుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

గుర్తులు: ఫిల్లెట్ (రెండు గీతల కొనలు కలిపే కమాండ్) కొడితే గీతలు ఒకే తలంలో లేవని మొరాయిస్తుంది. ఖండన కనిపిస్తుంది గానీ స్నాప్ పట్టదు. డిస్ట్ కమాండ్‌లో డెల్టా జెడ్ సున్నా కాకుండా వస్తుంది, దూరం ప్లాను దూరం కన్నా ఎక్కువ చూపిస్తుంది.

ముందుజాగ్రత్తగా ఓస్నాప్‌జెడ్ 1 పెట్టుకోండి, స్నాప్ పట్టిన బిందువు ప్రస్తుత ఎలివేషన్‌లోనే (ఇక్కడ ఎత్తు అని అర్థం) పడుతుంది. అప్పటికే చెడిపోతే ఎక్స్‌ప్రెస్ టూల్స్‌లోని ఫ్లాటెన్. చేసేముందు అసలు ఫైలు వేరేగా దాచండి, ఫ్లాటెన్ తర్వాత లెవెల్స్ తిరిగి రావు. లంక భూముల్లో ఆ లెవెల్సే అరుగు ఎత్తును నిర్ణయించేవి.

మోడల్ నుంచి ఎలివేషన్ తీసే ఫ్లాట్‌షాట్ గురించి కూడా: అది ఆ క్షణం నాటి అచ్చు మాత్రమే. తర్వాత మోడల్‌లో చూరు మార్చినా ఫ్లాట్‌షాట్ మారదు. షీటు మీద తీసిన తేదీ రాయడం అలవాటు చేసుకోండి.

---

ఆనకట్టదారి (ధవళేశ్వరం)

లెవెల్స్ మాట వచ్చింది కాబట్టి కాలవ డ్రాయింగుల సంగతి చెబుతాను. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847–1852 మధ్య ఆనకట్ట కట్టినప్పటి నుంచీ ఈ డెల్టా నీళ్లన్నీ కంటికి కనిపించని వాలు మీదే నడుస్తున్నాయి. ఆ వాలును నిజం స్కేలులో గీయలేం. 10,000కు 1 వాలు అనుకోండి, కిలోమీటరుకు 10 సెం.మీ. దిగుడు. 1:2500లో కిలోమీటరు 400 మి.మీ., దిగుడు 0.04 మి.మీ. అంత సన్నటి పెన్నే లేదు. అందుకే లాంగ్ సెక్షన్‌లో (కాలవ పొడవునా లెవెల్స్ చూపే బొమ్మ) అడ్డం 1:2500, నిలువు 1:100. దిగుడు 1 మి.మీ. అవుతుంది, కంటికి ఆనుతుంది.

దీని వెల ఏమిటంటే నిలువు 25 రెట్లు సాగింది. 10 మీ. ఖానా (స్తంభాల మధ్య ఖాళీ), 5 మీ. ఎత్తున్న వంతెన 4 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఎత్తుతో గోపురంలా నిలబడుతుంది. ఆ షీటు మీద ఏ ఏటవాలు గీతనూ కోణమానినితో కొలవకూడదు, ఏ ఏటవాలు పొడవునూ స్కేలుతో చదవకూడదు. చైనేజి (కాలవ వెంట దూరం), ఆర్.ఎల్. (ఆధార మట్టం మీద ఎత్తు) రెండే నిజం. క్రాస్ సెక్షన్ మాత్రం రెండు దిక్కులా ఒకే స్కేలు, గట్టు వాలు అక్కడ కొలవండి.

ఇంకొకటి, లాంగ్ సెక్షన్ ఏ ఒక్క తలం మీది ప్రొజెక్షనూ కాదు. కాలవ ఎన్ని వంపులు తిరిగినా ఆ వంపులన్నీ విప్పి తిన్నగా చాచిన బొమ్మ అది. రెండు చైనేజిల తేడా కాలవ వెంట నడిచే దూరం, కాకి ఎగిరే దూరం కాదు.

---

నీలిప్రింటు (కాకినాడ)

అదే విప్పే పద్ధతి మండువాకు కూడా సరిపోతుందండి. మండువా ప్లాను మధ్యలో గీసి, నాలుగు వైపుల లోగోడలను పెట్టె విప్పినట్టు బయటికి పరచండి. ప్రతి గోడా నిజం కొలతలో, తలుపులు, స్తంభాలు, చెక్కడాలతో. మూలల దగ్గర ఏ గోడ ఏ గోడకు తగులుతుందో ఒకే చూపులో తెలుస్తుంది. చాలా పాత ఆలోచన ఇది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న నెబామూన్ సమాధి చిత్రంలో, క్రీ.పూ. 14వ శతాబ్దం నాటిది, కొలను పైనుంచి చూసినట్టు, చుట్టూ చెట్లు పక్క నుంచి చూసినట్టు ఉంటాయి. ఏది ఏ వైపు నుంచి స్పష్టమో ఆ వైపు నుంచే గీశారు.

కాలవగట్టు వంపు వెంట కట్టిన ఇళ్లకు కూడా ఇదే గుర్తుంచుకోండి. ముందు గోడ 20 డిగ్రీలు తిరిగి ఉంటే 6 మీ. గోడ ఎలివేషన్‌లో 5.64 కనిపిస్తుంది. కిటికీలవాడికి ఆ కొలత పోతే ఫ్రేము ఇరుకు. తిరిగిన గోడను విప్పి వేరే గీసి, ‘విప్పిన ఎలివేషన్’ అని పేరు పెట్టండి.

---

ఆరోగీత (నరసాపురం)

ఫస్ట్ యాంగిల్, థర్డ్ యాంగిల్ (షీటు మీద చూపులను అమర్చే రెండు పద్ధతులు) గొడవ కూడా క్లుప్తంగా చెబుతారా? తలుపు చట్రాల షీట్లు వర్క్‌షాపుకు పంపినప్పుడు కుడి ఎడమలు తారుమారవుతుంటాయి.

---

మూలమట్టం (అంబాజీపేట)

మన ఎస్‌పి 46 (ఇంజనీరింగ్ డ్రాయింగుకు భారత ప్రమాణాల సంస్థ పుస్తకం) ఫస్ట్ యాంగిల్ చెబుతుంది. ముందు చూపు పైన, పై చూపు దాని కింద, ఎడమ వైపు నుంచి చూసింది కుడి పక్కన. థర్డ్ యాంగిల్‌లో పై చూపు పైనే, ఎడమది ఎడమ పక్కనే. షీటు మూలలో కోసిన శంకువు గుర్తు తప్పనిసరి. ఇంటి డ్రాయింగుల్లో ఈ బాధ తక్కువ, ఎందుకంటే ‘తూర్పు ఎలివేషన్’ అని పేరు పెడతాం. తలుపు చట్రానికి కూడా అలాగే ‘వీధి వైపు నుంచి చూపు’ అని రాస్తే సగం గొడవ తీరుతుంది.

కుడి ఎడమలు మారే ఇంకో చోటు సీలింగు. చెక్క సీలింగు డిజైన్‌ను తల పైకెత్తి చూసినట్టు గీస్తే ప్లానుకు అద్దంలో బింబంలా తిరగబడుతుంది. నేల మీద అద్దం పరిచి అందులో కనిపించింది గీసినట్టుగా గీయాలి. అప్పుడు తూర్పు ప్లానులో ఎటుందో సీలింగులోనూ అటే ఉంటుంది.

---

కాలవగట్టు (రాజోలు)

చాలా సంతోషమండి అందరికీ. ఈ ఇంటికి షీట్లు ఇలా అనుకుంటున్నాను. వాలు బాణాలు, లెవెల్స్‌తో కప్పు ప్లాను 1:100. 1.2 మీ. ఎత్తున కోసిన ప్లాను 1:50, పై వెంటిలేటర్లు చుక్కల గీతలో. మండువా మధ్యగా ఒక సెక్షన్, దానికి అడ్డంగా ఇంకొకటి. నాలుగు ఎలివేషన్లు, 45 నీడ, కింద ఆ వాక్యం. మండువా నాలుగు లోగోడలు విప్పిన షీటు. కప్పు ఎత్తి చూపే 30/60 బొమ్మ. వడ్రంగికి వేరే షీటు 1:10లో: మామూలు వాసం, మూల వాసం, లోయ వాసం అసలు పొడవులు, పైన 138.6 కోణం.

లోయ రేకు గురించి ఒక్కటి మిగిలింది. 600 మి.మీ. వెడల్పు రేకు నడిమికి మడిచి వేస్తే ప్లానులో ఎంత వెడల్పు గీయాలి?

---

గోదారిస్కేలు (రాజమండ్రి)

ఒక్కో వైపు 300. అది లోయకు లంబంగా, వాలు మీద ఉంది. లోయ దగ్గర కూడా వాలులు కలిసే కోణం 138.6 కాబట్టి ఒక్కో రెక్క 20.7 డిగ్రీలు లేస్తుంది. 300 × కాస్ 20.7 = 281. ప్లానులో లోయ గీతకు అటూ ఇటూ 281 మి.మీ. చొప్పున గీయండి. పొడవు మాత్రం ప్లానులో 4.243 కనిపిస్తుంది, రేకు 4.583కి పైన కింద మడతలు కలిపి తెప్పించండి. రెండు ముక్కలుగా వేస్తే పై ముక్క కింది ముక్క మీదికి రావాలి. లోయ వాలు 22.2 డిగ్రీలే, మిగతా కప్పు కన్నా తక్కువ. అతుకులో నీళ్లు వెనక్కి ఎక్కేది అక్కడే, కాబట్టి 150 మి.మీ.కు తక్కువ కప్పకండి.